పెడన అచ్చు అద్దకం: తరచుగా అడిగే ప్రశ్నలు

కలంకారీ చీర కొనేవాళ్ళూ, ఇంట్లో ఒక మీటరు గుడ్డ మీద అద్ది చూద్దామనుకునేవాళ్ళూ అడిగే ప్రశ్నలివి. కృష్ణా జిల్లాలో పెడన, మచిలీపట్నం వైపు సాగే అచ్చు పని గురించే ఎక్కువగా రాశాం. శ్రీకాళహస్తి కలం పని అవసరమైన చోట వస్తుంది.

పెడన కలంకారీకీ శ్రీకాళహస్తి కలంకారీకీ తేడా ఏమిటి?

పెడన పని అచ్చుతో, శ్రీకాళహస్తి పని కలంతో. శ్రీకాళహస్తిలో చింతబరికె కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసుకుంటారు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే కలం తయారవుతుంది. వేళ్ళతో ఉన్నిని నొక్కుతూ రంగు కిందికి దించుతూ గీత లాగుతారు. రామాయణ, భారత ఘట్టాలు, దేవతామూర్తులు, బొమ్మల కింద తెలుగులో కథ. గుడి తెరల నుంచి పెరిగిన పని అది. ఆ పనికే జొన్నలగడ్డ గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

పెడన పని ఓడరేవు వ్యాపారం నుంచి పెరిగింది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకు దుప్పట్లు, తెరలు, నమాజు చేసుకునే పరుపులు వెళ్ళేవి. అందుకే ఈ పనిలో కథలు తక్కువ. తీగలు, మామిడి పిందెలు, జీవవృక్షం, నెమళ్ళు, అంచుల్లో పూలవరసలే ఎక్కువ.

పనితనంలో ఒక ముఖ్యమైన తేడా పాల దగ్గర ఉంది. శ్రీకాళహస్తిలో కరక్కాయ నీళ్ళలో గేదెపాలు కలిపి గుడ్డ ముంచుతారు. కలంలోని ద్రవం నీళ్ళలా పలచన కాబట్టి, పాలలోని కొవ్వు అడ్డుపడకపోతే గీత పక్కలకు పాకుతుంది. అచ్చుకు పెట్టే రంగు బంకతో చిక్కగా ఉంటుంది గనక పెడనలో మొదటి దశలో పాలు అక్కర్లేదు.

మిషను ప్రింటు ఇంకా శుభ్రంగా, చవగ్గా దొరుకుతుంటే చేతి అద్దకానికి ఇంత మోజు ఎందుకు?

"చేతిపనిలో లోపాలే అందం" అని అమ్మేవాళ్ళు చెబుతారు. అది సగం జవాబు కూడా కాదు. మంచి పనివాడు అతుకు కనబడకుండా అద్దాలనే చూస్తాడు. లోపం కనబడితే ఆ రోజు కూలి దక్కినా పేరు దక్కదు. పైగా ఈ మాట నమ్మే గిరాకీ ఉందని తెలిసి, స్క్రీన్ ప్రింటులో కావాలనే అచ్చు జరిగినట్టు చూపించే డిజైన్లు కూడా వస్తున్నాయి.

అసలు తేడా రంగు ఎక్కడ ఉందన్నదాంట్లో ఉంది. చవక ప్రింటులో రంగుపొడిని జిగురుతో కలిపి గుడ్డ మీద పూస్తారు, అది పైన పొరగా కూర్చుంటుంది. రాపిడికి ముందుగా మడతల దగ్గర లేస్తుంది, వేసవిలో ఒంటికి అట్టలా తగులుతుంది. పెడన పద్ధతిలో నలుపూ ఎరుపూ నూలుపోగులోపలే పుడతాయి. గుడ్డ మెత్తదనం పోదు. ఏళ్ళ తరబడి ఉతికినా రంగు తగ్గితే అన్నిచోట్లా కలిసికట్టుగా తగ్గుతుంది, పెచ్చులుగా ఊడదు. కాబట్టి కొనేటప్పుడు అచ్చు చేతిదా కాదా అని అడగడం కన్నా, ఆ గుడ్డ ఎన్నిసార్లు నీళ్ళలోకి దిగిందని అడగడం మేలు.

రంగు గుడ్డలోనే పుట్టడం అంటే ఏమిటి?

కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం బాగా ఉంటుంది. కరక్కాయ నీళ్ళు పట్టించిన గుడ్డ లేత పసుపుగా మారుతుంది. దాని మీద కసిం అద్దుతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రవం ఇది. బెల్లం పులిసి ఆమ్లం అవుతుంది, ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. కరిగిన ఇనుమూ గుడ్డలోని టానినూ కలిస్తే నలుపు. అద్దిన క్షణాన అది బూడిదరంగులోనే ఉంటుంది. గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది.

ఎరుపు ఇంకా వింత. ఎర్రగా రావలసిన చోట అద్దేది ఎర్రరంగు కాదు, పటిక. దానికి రంగే లేదు. ఎక్కడ అద్దామో పనివాడికి కనబడాలని అందులో కాస్త ఏదో రంగు కలుపుతారు, ఆ రంగు తర్వాత నీళ్ళలో పోతుంది. గుడ్డను జాడించి, ఎర్రరంగు వేరో చెక్కో వేసిన గంగాళంలో ఉడకపెడితే, పటిక ఉన్న చోట్ల మాత్రమే ఎరుపు అతుక్కుంటుంది. పటిక లేని నేల కాస్త గులాబీగా మారినా తర్వాత ఉతికితే, ఎండకు వేస్తే పోతుంది. ఒకే గంగాళంలోంచి పటిక ఉన్నచోట ఎరుపు, పటికలో కాస్త కసిం కలిపి అద్దినచోట ముదురు గోధుమ, కసిం ఒక్కటే ఉన్నచోట నలుపు బయటికి వస్తాయి. అచ్చు వేసేవాడు రంగు వేయడం లేదు, రంగు ఎక్కడ పట్టాలో గుర్తులు పెడుతున్నాడు.

పని మొత్తం ఏ వరసలో జరుగుతుంది?

కోరా గుడ్డను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఉతికి గంజి, మడ్డి వదలగొడతారు. పాత పద్ధతిలో పేడనీళ్ళలో నానబెట్టి, తడిపి ఎండబెట్టడం పదేపదే చేసి గుడ్డను తెల్లబరుస్తారు. ఈ దశ తొందరపడితే మిగతా అన్నిటికీ అదే శాపం. గంజి మిగిలిన చోట కరక్కాయ పట్టదు, కరక్కాయ పట్టనిచోట నలుపు నిలవదు.

తర్వాత కరక్కాయ నీళ్ళలో ముంచి, పిండి, ఎండలో ఆరవేస్తారు. ఆరిన గుడ్డను బల్ల మీద పరుస్తారు. బల్ల మీద గోనె, దుప్పటి, గుడ్డ పొరలుగా పరిచి మెత్తగా ఉంచుతారు. గట్టి బల్ల మీద అచ్చు అంచులు మాత్రమే తగిలి మధ్యలో తెల్లగా మిగులుతుంది. పక్కన రంగు తొట్టి. అందులో రంగు మీద తడిక, దాని మీద ఉన్ని గుడ్డ పరుస్తారు. అచ్చును ఆ గుడ్డ మీద ఒత్తితేనే రంగు సమంగా అంటుతుంది, నేరుగా రంగులో ముంచితే చెక్కుడు సందుల్లో నిండిపోయి ముద్దగా పడుతుంది.

ముందు గీతల అచ్చుతో నలుపు, తర్వాత నింపే అచ్చుతో పటిక. అచ్చును సరిపెట్టి, వెనకవైపు అరచేతి అడుగుతోనో పిడికిలితోనో గుద్దుతారు. మూలల్లో చిన్న గుర్తులుంటాయి, తర్వాతి అచ్చు ఆ గుర్తుల మీద కూర్చోవాలి.

అద్దిన గుడ్డను రెండు మూడు రోజులు వదిలేస్తారు. ఇది సోమరితనం కాదు, ఇనుమూ పటికా పోగును పట్టుకోవడానికి ఆ వ్యవధి కావాలి. తర్వాత పారే నీళ్ళలో జాడిస్తారు. ఆపైన రాగి గంగాళంలో నీళ్ళు, ఎరుపిచ్చే దినుసు, జాజి ఆకు వేసి, కింద కట్టెల మంట పెట్టి, కర్రలతో గుడ్డను తిప్పుతూ ఉడకపెడతారు. తిప్పడం ఆగితే మరకలు. దించాక మళ్ళీ జాడించి, గడ్డి మీద పరిచి, నీళ్ళు చల్లుతూ ఎండబెడతారు. నేల తెల్లబడేదాకా ఇది సాగుతుంది.

పసుపు, ఆకుపచ్చ, నీలం కావాలంటే కథ మళ్ళీ మొదలవుతుంది. ఈసారి గంజిలో పాలు కలిపి పట్టించి, ఆరబెట్టి, ఆ రంగులు అద్దుతారు. చివరికి పటిక నీళ్ళలో ముంచి, సబ్బుతో ఉతికి ఆరబెడతారు. మబ్బులు లేని రోజుల్లో కూడా ఒక గుడ్డ పూర్తవడానికి వారాలు పడుతుంది.

పారే నీళ్ళే ఎందుకు? తొట్టిలో జాడిస్తే కాదా?

అద్దిన పటికలో కొంత పోగును పట్టుకోదు, పైనే ఉంటుంది. నిలవ నీళ్ళలో ముంచితే ఆ మిగులు నీళ్ళలో కరిగి, అదే గుడ్డ మీద తెల్లనేలకు అంటుకుంటుంది. ఆ మరక అప్పుడు కనబడదు. ఉడకపెట్టాక గులాబీ మచ్చగా తేలుతుంది, ఇక పోదు. పారే నీళ్ళలో మిగులు కొట్టుకుపోతుంది. కాలువ నీళ్ళ మీద ఈ పని ఆధారపడింది అందుకే. కృష్ణా డెల్టా కాలువలు వేసవిలో కట్టేసినప్పుడు బోరునీళ్ళతో సరిపెట్టుకోవాలి, అప్పుడు నీళ్ళలో ఇనుము ఎక్కువుంటే ఎరుపు మసకబారుతుంది. వానాకాలంలో నీళ్ళుంటాయి, ఎండ ఉండదు. రెండూ కలిసొచ్చే నెలల్లో తయారైన సరుకే బాగుంటుంది.

"వెజిటబుల్ కలర్స్" అంటే అన్నీ మొక్కల నుంచి వచ్చినవేనా?

కావు. కసిం ఇనుముది, పటిక ఖనిజం. వీటిని ఎవరూ దాచరు. దాచేది ఎరుపు సంగతి. పూర్వం ఈ తీరంలో చిరివేరు అనే మొక్క వేళ్ళు వాడేవారు. గవ్వలు, ఆల్చిప్పలు నలిగి కలిసిన ఇసుకనేలల్లో పెరిగిన చిరివేరుకు మంచి ఎరుపు వచ్చేది, సున్నపుధాతువు ఈ ఎరుపును నిలబెడుతుంది గనక. మంజిష్ఠ, సురుడు చెక్క కూడా వాడతారు. వీటన్నిటిలో రంగిచ్చేవి ఒకే కుటుంబానికి చెందిన పదార్థాలు. చిరివేరులో ముఖ్యమైనది అలిజరిన్. 1868లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబ, లీబర్‌మన్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ తర్వాత డబ్బాల్లో వచ్చే అలిజరిన్ వేళ్ళ చోటు ఆక్రమించింది. ఇవాళ "సహజ రంగులు" అని చెప్పే చాలా సరుకులో ఎరుపు ఈ డబ్బాదే.

దాన్ని మోసం అనలేం. అణువు అదే, పటికతో కట్టుకునే తీరు అదే, గట్టిదనం కూడా దాదాపు అదే. కాకపోతే వేరులో అలిజరిన్‌తో పాటు ఇంకా కొన్ని రంగుపదార్థాలుంటాయి గనక ఆ ఎరుపు కొంచెం మెత్తగా, ఇటుకరంగు వైపు ఉంటుంది. డబ్బా ఎరుపు సూటిగా కొడుతుంది. వేళ్ళ ఎరుపే కావాలంటే ఆ మాట స్పష్టంగా అడగండి, ధర ఎక్కువ ఉంటుందని ముందే అనుకోండి. నీలిమందుదీ ఇదే కథ. 1897 నుంచి కర్మాగారపు నీలి అంగట్లో ఉంది. పసుపు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్కల నుంచే.

అచ్చులు ఏ కర్రతో చేస్తారు? ఎన్నాళ్ళు వస్తాయి?

టేకు. బాగా ఆరిన కర్రే కావాలి, పచ్చిదైతే రంగు తడికీ ఎండకూ వంకర తిరుగుతుంది. ముఖాన్ని చదునుగా నున్నచేసి, డిజైను కాగితం దాని మీద పెట్టి, సూదితో పొడిచి చుక్కలు దించి, చిన్న ఉలులతో చెక్కుతారు. చెక్కాక నూనెలో నానబెడతారు, కర్ర నీళ్ళు తాగకుండా. ఒక డిజైనుకు ఎన్ని రంగులో అన్ని అచ్చులు, అంచుకు వేరే, మూలకు వేరే.

కొత్త అచ్చు మొదట సరిగా అద్దదు. పనికిరాని గుడ్డ మీద కొన్ని పదుల సార్లు వేస్తే కర్ర రంగుకు అలవాటు పడుతుంది. పని ముగిశాక వెంటనే మెత్తటి బ్రష్‌తో కడగాలి, బంక ఎండితే సన్నగీతలు మూసుకుపోతాయి. నీళ్ళలో నానబెట్టి మర్చిపోవద్దు. ఎండలో పెట్టొద్దు. కసిం అచ్చునీ పటిక అచ్చునీ ఎప్పుడూ కలపొద్దు. పటిక అచ్చుకు కొద్దిగా ఇనుము అంటినా ఆ రోజు ఎరుపంతా చాక్లెట్ రంగుకు తిరుగుతుంది.

చేతి అద్దకమో, స్క్రీన్ ప్రింటో ఎలా కనిపెట్టాలి?

చీర పొడవునా ఒకే పువ్వును వెతుక్కుని, నాలుగైదు చోట్ల పక్కపక్కన పెట్టి చూడండి. అచ్చు పనిలో ప్రతి వేటుకూ రంగు మోతాదు మారుతుంది, తొట్టిలో ఒత్తిన వెంటనే పడిన ముద్ర ముదురు, ఆ తర్వాతిది కాస్త లేత. స్క్రీన్‌లో అన్నీ ఒకటే. తర్వాత అతుకులు చూడండి. చేతి అచ్చు అరచేతికి అమరేంత కొలతలో ఉంటుంది కాబట్టి ప్రతి జానెడు దూరానికీ ఒక అతుకు రావాలి. అక్కడ గీతలు వెంట్రుకవాసి ఎక్కిదిగడమో, రెండుసార్లు రంగు పడి కాస్త ముదురుగా ఉండడమో కనబడుతుంది. అతుకు రెండడుగులకోసారి వస్తే అది స్క్రీన్. అసలు అతుకే లేకపోతే, భూతద్దంలో చిన్నచిన్న రంగు చుక్కలు కనబడితే డిజిటల్.

అంచు మూలలు కూడా చెబుతాయి. చేతిపనిలో మూల తిరిగేచోట డిజైను సరిపోక సర్దుబాటు చేసిన గుర్తు ఉంటుంది.

వెనకవైపు చూడమని అందరూ చెబుతారు. అది పూర్తి రుజువు కాదు. పలచటి గుడ్డ మీద స్క్రీన్ రంగు కూడా వెనక్కి దిగుతుంది, దళసరి గుడ్డ మీద అచ్చు పని కూడా వెనక లేతగానే ఉంటుంది. ఇంకోమాట: స్క్రీన్ ప్రింటు కూడా చేత్తోనే లాగుతారు. "హ్యాండ్ ప్రింటెడ్" అన్న చీటీ అబద్ధం కాకపోవచ్చు, కానీ అది అచ్చు అద్దకమని హామీ కాదు.

రంగు సంగతి ఇంట్లో పరీక్షించొచ్చా?

నలుపు మీద పరీక్షించొచ్చు. చీర లోపలి అంచులో కనబడని నల్లగీత మీద ఒక్క చుక్క నిమ్మరసం పెట్టి అయిదు నిమిషాలు ఆగండి. కసిం నలుపైతే లేతబడి గోధుమరంగుకు వస్తుంది, ఎందుకంటే నిమ్మలోని ఆమ్లం ఇనుమును లాగేసుకుంటుంది. రసాయన నలుపు కదలదు. వెంటనే నీళ్ళతో కడిగేయండి. మార్పు శాశ్వతం, కాబట్టి పల్లూ మీద చేయకండి. దుకాణంలో మాత్రం అడక్కుండా ఈ పని చేయొద్దు.

చేనేత, కలంకారీ ఒకటేనా?

కాదు. నేయడం వేరు, అద్దడం వేరు. మిల్లు గుడ్డ మీద అద్దినా అది అసలైన అద్దకమే కావచ్చు. చేనేత గుడ్డ మీద స్క్రీన్ వేసినా అది చేనేతే. రెండూ కావాలనుకుంటే రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగాలి. మచిలీపట్నం కలంకారీకీ శ్రీకాళహస్తి కలంకారీకీ భౌగోళిక గుర్తింపు విడివిడిగా నమోదై ఉంది. ఆ గుర్తింపు నేతకు కాదు, ఈ పనికి.

ఐరోపా దేశాలు ఈ గుడ్డల్ని నిషేధించాయని అంటారు, నిజమేనా?

నిజమే. డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో స్థావరాలు పెట్టుకున్నది ఇలాంటి గుడ్డల కోసమే. ఉతికినా పోని రంగున్న నూలుగుడ్డ ఐరోపాలో అప్పటిదాకా లేదు. గిరాకీ ఎంత పెరిగిందంటే అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో నిషేధించి 1759 దాకా కొనసాగించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని అడ్డుకుంది, 1721 చట్టంతో అద్దిన నూలుబట్టలు కట్టుకోవడాన్నే దాదాపుగా మాన్పించింది, 1774లో ఎత్తేసింది.

ఈలోగా రహస్యం పట్టుకునే ప్రయత్నాలు జరిగాయి. 1734లో బోల్యో అనే ఫ్రెంచి నావికాధికారి పుదుచ్చేరిలో అద్దకం చేయించి, ఒక్కో దశలో ఒక్కో గుడ్డముక్క కత్తిరించి వివరాలతో సహా పంపాడు. ఆ రాతప్రతి, ముక్కలు పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. 1742లో ఫాదర్ కూర్దూ రాసిన ఉత్తరం రెండోది. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినాయన ఈయనే. వాళ్ళకు అర్థం కానిది డిజైను కాదు, నీళ్ళలో, గంగాళంలో ఏం జరుగుతోందన్నది.

ఇంట్లో ఒక మీటరు గుడ్డతో ఎలా మొదలుపెట్టాలి?

150 గ్రాముల బరువున్న ఒక మీటరు తెల్ల నూలుగుడ్డకు కొలతలివి. పాలిస్టర్ కలిసిన గుడ్డ వద్దు, రంగు పట్టదు.

కసిం ముందు పెట్టుకోవాలి. తుప్పుపట్టిన మేకులు పావుకిలో, బెల్లం 100 గ్రాములు, నీళ్ళు ఒక లీటరు, మట్టికుండలోనో ప్లాస్టిక్ బకెట్లోనో వేసి, గుడ్డ కప్పి నీడలో ఉంచండి. మూత బిగించొద్దు, పులుపుకు గ్యాసు వస్తుంది. రోజూ కర్రతో కలపండి. రెండు మూడు వారాలకు నురగ తగ్గి, పుల్లటి వాసన, పైన సన్నటి తెట్టు వస్తాయి. కరక్కాయ పట్టిన గుడ్డ ముక్క మీద చుక్క వేస్తే కొద్ది నిమిషాల్లో నల్లబడాలి. బూడిదరంగులోనే ఆగిపోతే ఇంకో వారం.

గుడ్డను నాలుగైదు లీటర్ల నీళ్ళలో ఒక చెంచా చాకలి సోడా, కాస్త సబ్బు వేసి గంటసేపు మరిగించి, బాగా జాడించండి. ఆరాక ఒక నీటిచుక్క వేస్తే వెంటనే ఇంకిపోవాలి. చుక్క నిలబడితే మళ్ళీ మరిగించాలి.

గింజ తీసిన కరక్కాయల పొడి 30 గ్రాములు లీటరున్నర నీళ్ళలో రాత్రంతా నానబెట్టి వడకట్టండి. గుడ్డను అందులో పావుగంట తిప్పి, గట్టిగా పిండి, ఎండలో పరిచి ఆరబెట్టండి. తాడు మీద వేలాడదీస్తే రసం కిందికి దిగి ఒకవైపు ముదురవుతుంది. ఉతకొద్దు.

నలుపుకు: వడకట్టిన కసిం 100 మిల్లీలీటర్లలో నాలుగైదు గ్రాముల చింతపిక్కల పిండి కలిపి సన్నమంట మీద చిక్కబడేదాకా కాచి చల్లార్చండి. ఎరుపుకు: 100 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో 10 గ్రాముల పటిక కరిగించి, ముందురోజు నానబెట్టిన తుమ్మబంక చేర్చండి, గరిటె నుంచి తేనెలా జారాలి. కనబడటానికి రెండు చెంచాల మంజిష్ఠ కషాయం కలపండి. రెండిటికీ వేరే గిన్నె, వేరే బ్రష్.

అద్దాక రెండు మూడు రోజులు ఆగండి. కుళాయి ధార కింద, మడత పెట్టకుండా, ధారాళంగా జాడించండి. స్టీలు గిన్నెలో అయిదు లీటర్ల నీళ్ళు, పల్చటి గుడ్డలో మూటకట్టిన మంజిష్ఠ పొడి 75 గ్రాములు వేసి, గుడ్డను చల్లటి నీళ్ళలోనే దించండి. గంటలో మెల్లగా వేడి పెంచి, పొగలు వస్తూ మరగకుండా ఉండే వేడిలో ఇంకో గంట తిప్పుతూ ఉంచండి. కుతకుత మరిగితే మంజిష్ఠ ఎరుపు గోధుమలోకి జారుతుంది. ఇనప కడాయి అసలు వద్దు. చల్లారాక సబ్బునీళ్ళలో జాడించి, తడిపి ఎండబెట్టడం నాలుగైదు రోజులు చేయండి.

ఇవన్నీ వంటకు వాడని గిన్నెల్లో చేయాలి.

మేం అద్దితే గీతలు పాకుతున్నాయి, నలుపు రావడం లేదు. ఎక్కడ తప్పు?

గీత పాకితే రంగు పలచన, లేదా గుడ్డలో తేమ. వానాకాలంలో అద్దేముందు గుడ్డను ఇస్త్రీ చేసి తడి వదలగొట్టండి. నలుపు గోధుమగా ఉంటే కరక్కాయ చాలలేదు లేదా కసిం పండలేదు. నలుపు బాగా వచ్చి, జాడించినప్పుడు నల్లటి నీళ్ళు ధారగా పోతుంటే అద్దాక ఆగాల్సినన్ని రోజులు ఆగలేదు. ఎరుపు మసకగా ఉంటే ఎక్కడో ఇనుము చేరింది: గిన్నె, బ్రష్, బోరునీళ్ళు, ఈ మూడూ చూడండి. ఎరుపు అసలు పట్టకపోతే గుడ్డలో మడ్డి మిగిలింది. ముద్ర మధ్యలో తెల్లగా ఉంటే కింద మెత్త చాలలేదు, అంచుల్లో రంగు ముద్దకడితే తొట్టిలో రంగు ఎక్కువైంది. రెండు ముద్రలు నీడలా కనబడితే అచ్చు ఎత్తేటప్పుడు పక్కకు లాగుతున్నారు, నిటారుగా ఎత్తాలి.

అన్నిటికన్నా మామూలు తప్పు నలుపు కోసం కసిం మరీ చిక్కగా చేయడం. అది వెంటనే బయటపడదు, ఏళ్ళ తర్వాత ఆ నల్లగీతల దగ్గరే గుడ్డ చిరుగుతుంది (చివరి ప్రశ్న చూడండి).

కలంకారీ బట్టలు ఎలా ఉతకాలి?

మొదటి రెండు మూడు సార్లు విడిగా, చన్నీళ్ళలో. కుంకుడు రసం గానీ, పట్టుబట్టలకు వాడే ద్రవ సబ్బు గానీ చాలు. సోడా ఎక్కువున్న బట్టల సబ్బుకు ఎరుపు ఊదా వైపు తిరుగుతుంది. బ్లీచింగ్ పొడి ఏ రంగునీ మిగల్చదు. చింతపులుసు, నిమ్మ, ఆవకాయ ఊట నల్లగీతల మీద పడితే ఆరనివ్వకుండా కడగండి. రంగు గట్టిపడుతుందని ఉప్పునీళ్ళలో నానబెట్టమంటారు, ఈ రంగులకు దానితో పనిలేదు. పసుపు రంగు అన్నిటికన్నా త్వరగా వెలుస్తుంది గనక నీడలో ఆరబెట్టి, తిరగేసి ఇస్త్రీ చేయండి.

విదేశాల్లో వాషింగ్ మిషన్‌లో వేయక తప్పనివాళ్ళు చన్నీళ్ళు, తక్కువ తిప్పుడు పెట్టి, వలసంచిలో వేయండి. డ్రయ్యర్ వద్దు. ఆక్సిజన్ బ్లీచ్, మెరుపు పొడి కలిసిన డిటర్జెంట్లు అక్కడ మామూలు, డబ్బా మీద చదివి అవి లేనిదే తీసుకోండి.

అమ్మమ్మ చీర నల్లగీతల దగ్గర మాత్రమే చిరుగుతోంది. ఎందుకు?

ఇనుము వల్ల. కసింలోని ఇనుము, మిగిలిపోయిన ఆమ్లం ఏళ్ళ తరబడి నూలుపోగును తినేస్తాయి. మ్యూజియంలలోని పాత కోరమాండల్ (మన తూర్పు తీరపు) గుడ్డల్లో కూడా నల్లటి, గోధుమరంగు గీతలున్నచోటే చిల్లులు పడతాయి, పక్కన ఎరుపు చెక్కుచెదరదు. ఆపడం కుదరదు, నెమ్మదింపజేయొచ్చు. తడి, వేడి, వెలుతురు తగ్గించండి. మడతపెట్టి బీరువాలో పెట్టకుండా, ఉతికిన తెల్ల నూలుగుడ్డ పరిచి, కర్రకో గొట్టానికో చుట్టి ఉంచండి. ప్లాస్టిక్ సంచీ వద్దు. చిరిగినచోట నేరుగా కుట్టు వేస్తే సూది పోటుకు ఇంకా విరుగుతుంది. వెనక పలచటి మల్లు గుడ్డ పెట్టి, గట్టిగా ఉన్న నేలభాగం దగ్గర మాత్రమే కుట్టుకోండి.